చీర పైకప్పు, దిండ్ల గోడలు: పడగ్గదిలో పిల్లల కోట కట్టడం ఎలా

నెల్లూరు జిల్లాలో ఏడాదంతా పడే వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల వల్లే పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడు వాయుగుండం అంటారో, ఎప్పుడు బడికి సెలవు అంటారో తెలియదు. మా కావలిలో అలాంటి ఒక సెలవు రోజు సాయంత్రం కరెంటు పోయింది, ఉరుములు మొదలయ్యాయి. ఐదేళ్ల మా చిన్నోడు మంచం కిందికి దూరాడు. ఎంత పిలిచినా బయటికి రాలేదు. తొమ్మిదేళ్ల వాళ్లక్క ఏం మాట్లాడకుండా రెండు కుర్చీలు లాక్కొచ్చి, మంచానికీ కుర్చీలకీ మధ్య దుప్పటి పరిచి, "ఇది మన కోటరా, దా" అంది. వాడు పాక్కుంటూ వచ్చి అందులో కూర్చున్నాడు. కాసేపటికే ఆ దుప్పటి వాళ్ల నెత్తిన పడింది. మళ్లీ వేశాం, మళ్లీ పడింది.

ఆ రాత్రి నుంచి ఇప్పటిదాకా చాలాసార్లు కట్టాం. ఇప్పుడు మా కోట తెల్లారేదాకా నిలబడుతుంది, పిలకాయలు అందులోనే నిద్రపోతారు. కిటుకు ఒక్కటే. పైన తేలిక ఉండాలి, కింద బరువు ఉండాలి. అందరూ మందపాటి దుప్పటి తెచ్చి పైకప్పుగా వేసి, తేలిక దిండ్లని దానికి ఆనిస్తారు. అందుకే పడిపోతుంది. దీన్ని తిరగేస్తే చాలు.

ఇంట్లో ఏం వెతకాలి

పైకప్పుకి వాడిన నూలు చీరలు రెండు. మా అత్త దగ్గర ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడిన వెంకటగిరి నూలు చీరలు ఉంటే అడిగి తీసుకున్నాను. అంత పల్చగా, అంత గాలి ఆడేట్టు ఇంకే గుడ్డా ఉండదు. మన ఊళ్ల ఉక్కకి రగ్గు గానీ సోలాపూర్ దుప్పటి గానీ పైన వేస్తే లోపల పది నిమిషాలు కూడా కూర్చోలేరు. జరీ చీర, పట్టుచీర మాత్రం ముట్టుకోవద్దు. క్లిప్పు పెట్టిన చోట పోగు లేస్తుంది. సిల్కు, సింథటిక్ చీరలు తాడు మీద నిలవవు, జారిపోతాయి.

తాడుకి బదులు నవారు దొరికితే చాలా మంచిది. అటక మీద పాత నవారు మంచం తాలూకు చుట్ట ఉందేమో చూడండి. వెడల్పుగా ఉంటుంది కాబట్టి చీర దాని మీద కుదురుగా కూర్చుంటుంది, లాగి కట్టినా చెయ్యి కోసుకోదు. నైలాన్ తాడు సాగుతుంది. సాయంత్రం బిగించి కట్టింది రాత్రికి నడుము వంగిపోతుంది. అదొక్కటే ఉంటే రెండు పేటలుగా వేసుకోండి.

ఇవి కాక బట్టల క్లిప్పులు ఓ ఇరవై, ప్లాస్టిక్ కుర్చీలు రెండు, బరువుకి పాత పుస్తకాలు, కింద పరవడానికి చాప, బొంత, ఇంట్లో ఉన్న దిండ్లన్నీ. పిన్నీసులు వద్దు. చీకట్లో ఊడి పరుపులో పడితే వెతకడం కష్టం.

ముందు చోటు చూసుకోండి

గదిలో ఫ్యాను ఎక్కడుందో చూడండి. కోట సరిగ్గా ఫ్యాను కింద రాకూడదు. గాలికి చీర అంచు లేచినా రెక్కకి అందకుండా పక్కకి జరగాలి. బీరువాకి దగ్గరగా కట్టొద్దు. మొదటిసారి నేను తాడు రెండో కొసని బీరువా తలుపు పిడికి కట్టాను. చిన్నోడు తాడు పట్టుకుని ఊగేసరికి తలుపు తెరుచుకుంది, ఆ బరువుకి బీరువా ముందుకి ఒక్కసారి కదిలింది. గుండె ఆగినంత పనైంది. గోడకి బిగించని బీరువాకి ఏ తాడూ కట్టకండి. గది తలుపుకి కూడా కట్టొద్దు, అటు నుంచి ఎవరో ఒకరు తోస్తారు.

నేల ఊడ్చి, తుడిచి, ఆరాక చాప వేయండి. వానాకాలం నేల మీద పడక వేస్తున్నప్పుడు చాపనీ బొంతనీ బయట గట్టిగా దులపాలి. జెర్రులు, తేళ్లు తడికి తాళలేక ఇంట్లోకి వచ్చి మడతల్లో దూరతాయి. పరిచేసి దులిపాం అనుకోవద్దు. దులిపి పరవండి.

మొదటి పద్ధతి: మంచానికి వసారా దించడం

కొత్తగా కట్టేవాళ్లు దీంతో మొదలుపెట్టండి. తాడు అక్కర్లేదు, పావుగంట పని.

మంచం ఒక పక్కన మూడు నాలుగు అడుగుల ఖాళీ ఉండాలి. ఒక చీరని సగానికి మడవండి. చీర పొడవు అయిదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. సగం చేస్తే తొమ్మిది అడుగులు. ఈ తొమ్మిది అడుగుల వైపు మంచం పొడవునా వచ్చేట్టు పట్టుకుని, అంచుని పరుపు కిందికి ఒక జానెడు తొయ్యండి. పరుపు బరువే దాన్ని పట్టుకుంటుంది. చీర వెడల్పు మూడుముప్పావు అడుగులే కాబట్టి, ఒక్క చీరతో లోపల చోటు చాలా తక్కువ వస్తుంది. ఇద్దరు కూర్చోవడానికి ఇది ఇరుకు. రెండో చీరని కూడా అలాగే మడిచి, మొదటిదాని అంచుకి నాలుగు వేళ్లు ఎక్కించి, జానెడుకొక క్లిప్పు చొప్పున పెట్టుకుంటూ పోండి. క్లిప్పుల పని పిలకాయలకి వదిలేయండి. మా చిన్నోడికి ఇది ఎంత ఇష్టమో, ఒక్కో క్లిప్పూ లెక్కపెట్టి మరీ పెడతాడు.

ఇప్పుడు కుర్చీలు. అందరూ చేసే పొరపాటు ఇక్కడే. కుర్చీ కూర్చునే వైపుని కోట లోపలికి తిప్పుతారు. అలా పెడితే చీర లాగుడుకి కుర్చీ లోపలికి వాలి పిల్లల మీద పడుతుంది. వీపు ఆనే వైపు కోటకి తగలాలి, కూర్చునే వైపు బయటికి ఉండాలి. చీరని కుర్చీ వీపు మీదుగా బయటికి వేసి, కొసని కుర్చీలో పరిచి, దాని మీద పుస్తకాల దొంతర పెట్టండి. చీర లోపలికి లాగుతుంటే పుస్తకాల బరువు బయటికి ఆపుతుంది. ప్లాస్టిక్ కుర్చీ తేలిక కాబట్టి ఒక్కోదాని మీద నాలుగైదు కిలోలైనా ఉండాలి. మా ఇంట్లో పెద్దదాని పోయినేడాది పాఠ్యపుస్తకాలన్నీ ఈ పనికే దాచాం. గిన్నెలు, గాజు వస్తువులు, నీళ్ల బాటిళ్లు బరువుగా పెట్టొద్దు.

రెండు కుర్చీల మధ్య చీర కిందికి వేలాడితే కంగారు పడొద్దు. కుర్చీలని ఒక్కో అంగుళం బయటికి జరపండి. గుడ్డ మీద వేలితో మీటితే కాస్త బిర్రుగా అనిపించాలి. మరీ బిగిస్తే పరుపు కింది నుంచి ఊడొస్తుంది.

తుపాను గాలి వీచే రాత్రి ఈ పద్ధతే వాడండి, అదీ మంచానికి కిటికీ లేని వైపున. అద్దాల కిటికీ పక్కన పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. ఇల్లు ఖాళీ చేయమని అధికారులు చెప్పిన రాత్రయితే ఈ ఆటలన్నీ పక్కనపెట్టి బయల్దేరాలి.

రెండో పద్ధతి: నవారు మీద కోట

ఇది మామూలు వాన రోజులకి, వేసవి రాత్రులకి. లోపల ఒక పెద్ద మనిషి కూడా కూర్చోవచ్చు.

కిటికీ ఊచలు ఒక కొస, మంచం తలవైపు చెక్క ఇంకో కొస. మంచం పరుపుతో సహా బరువుగా ఉంటుంది కాబట్టి లాగుడికి కదలదు. రెండు చోట్లా నవారు నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. గోడలకి దోమతెర కోసం కొట్టిన మేకులు కనబడితే వాటికి కట్టాలనిపిస్తుంది. ఆ మేకులు దోమతెరని మోస్తాయి గానీ ఈ లాగుడికి ఊడొస్తాయి.

ముందు మంచం వైపు రెండు చుట్లు చుట్టి గట్టి ముడి వేయండి. కిటికీ వైపు ఊచ చుట్టూ రెండుసార్లు తిప్పి, బలమంతా పెట్టి లాగి, జారుముడి వేయండి. ఎందుకంటే, ఎవరికైనా నవారు అడ్డం పడితే కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే మొత్తం ఊడి రావాలి. ముడి వేశాక మధ్యలో అరచేత్తో నొక్కి చూడండి. బెత్తెడు కంటే ఎక్కువ దిగితే విప్పి మళ్లీ బిగించండి. ఈ ఒక్క దగ్గర బద్ధకించకండి. రాత్రి కోట కుంగిందంటే కారణం ఇదే అయి ఉంటుంది.

చీరని సగానికి మడిచి నవారు మీద దండెం మీద ఆరేసినట్టు వేయండి. తొమ్మిది అడుగుల్లో అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర. రెండో చీరని పక్కనే, అర అడుగు ఒకదాని మీద ఒకటి ఎక్కేట్టు వేసి, ఎక్కిన చోట క్లిప్పులు పెట్టండి. కోట పొడవు ఏడడుగులు వస్తుంది. అడుగున రెండు వైపుల అంచుల్నీ పక్కలకి లాగి, మధ్యన నాలుగు అడుగుల వెడల్పు ఉంచండి. మూడున్నర అడుగుల ఎత్తుకి, నాలుగు అడుగుల వెడల్పుకి ఒక్కో వాలు నాలుగు అడుగులే పడుతుంది. అంటే రెండు పక్కలా అరడుగు గుడ్డ నేల మీద మిగులుతుంది. ఆ మిగిలిన అరడుగే కోటకి పునాది. దాని మీదే గోడ లేస్తుంది.

వెడల్పు పెంచాలని ఆశపడకండి. అయిదు అడుగులు చేస్తే నేల మీద మిగిలే గుడ్డ రెండు అంగుళాలే. దాని మీద ఏ దిండూ నిలవదు.

మంచానికీ కోటకీ మధ్య నవారు ఖాళీగా కనబడే చోట దాని మీద ఒక తెల్ల తువ్వాలు వేలాడదీయండి. చీకట్లో మంచినీళ్లకి లేచినవాళ్లకి అది కనబడాలి. మెడకి తగిలే ఎత్తులో ఉన్న తాడుతో చాలా జాగ్రత్తగా ఉండాలి. పిలకాయలు లోపల ఉన్నంతసేపూ ఇంట్లో ఒక పెద్దవాళ్ల చెవి అటే ఉండాలి.

దిండ్ల గోడ

దిండ్లలో రెండు జాతులుంటాయి. దూది దిండు బరువు, పెట్టిన చోట కదలదు. ఇప్పుడొచ్చే ఫైబర్ దిండు తేలిక, ఒత్తిడికి పైకి లేస్తుంది. అడుగు వరసకి దూది దిండ్లు, బాలీసులు పెట్టండి. బూరుగు దూది దిండ్లుంటే అవి మెత్తగా ఉంటాయి, లోపల తల కింద పెట్టుకోవడానికి దాచుకోండి. ఫైబర్ దిండ్లు రెండో వరసకి.

తాపీమేస్త్రి ఇటుకలు పేర్చడం చూశారు కదా, జాయింటు మీద జాయింటు రానివ్వడు. ఇదీ అంతే. కింది వరసలో రెండు దిండ్లు కలిసే చోటు మీద పై దిండు నడుము రావాలి. అప్పుడు ఒకటి జారినా గోడ తెగదు. నేల మీద మిగిలిన చీర అంచు మీద మొదటి వరస కూర్చుంటే, చీరా కదలదు, గోడా కదలదు. రెండు వరసలకి మించి ఎత్తు లేపకండి. మూడో వరస ఎప్పుడూ లోపలికే పడుతుంది. మీ ఇంట్లో దిండ్లు తక్కువైతే, రగ్గుల్నీ మందపాటి దుప్పట్లనీ గట్టిగా చుట్టి, రెండు చోట్ల జుట్టు రబ్బర్లు వేస్తే బాలీసు తయారు. పైకప్పుకి పనికిరాని బరువు దుప్పట్లకి ఇదే సరైన చోటు.

రెండు దారులు ఉంచండి. మా జిల్లాలోని ఉదయగిరి కోట గురించి మా పిల్లలకి కట్టేటప్పుడే చెప్పాను. కొండ మీది ఆ కోటకి తూర్పున అడవి గుండా ఒక దారి, పడమర ఇంకో దారి తప్ప ఎక్కే వీలు లేదట. ఒడిశాని ఏలిన గజపతుల చేతుల్లో ఉన్న ఆ కోటని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, ఏడాదిన్నర పాటు అక్కడే కాచుకుని, 1514లో తీసుకున్నాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. "అంతమంది సైన్యంతో వచ్చి ఏడాదిన్నరా?" అని పెద్దది ఆశ్చర్యపోయింది. "లోపలోళ్లకి అన్నం యాడిదమ్మా?" అన్నాడు చిన్నోడు. అప్పటి నుంచి మా కోటలో మరమరాల డబ్బా ఉండాల్సిందే.

మన కోటకి రెండు దారులు మాత్రం శత్రువు కోసం కాదు. ఒకటి గాలికి, ఒకటి పొరపాటున గుడ్డ మీద పడితే బయటికి రావడానికి. రెండు కొసలూ తెరిచే ఉంచండి. మూయాలని పిల్లలు గొడవ చేస్తే ఒక పల్చటి పంచె తెరలా వేలాడదీయండి, అడుగున జానెడు ఎత్తు వదలండి.

గాలి, దోమలు, వెలుతురు

రోహిణి కార్తె ఎండల్లో పైటేల కోట కట్టొద్దు. ఆ రోజుల్లో పొద్దు గుంకాకే మొదలుపెట్టండి. టేబుల్ ఫ్యాను ఉంటే ఒక దారికి మూడు నాలుగు అడుగుల దూరంలో బయట పెట్టి, తక్కువ స్పీడులో తిప్పండి. రెండో దారి తెరిచి ఉంటేనే గాలి లోపలికి పోతుంది. ఫ్యాను గానీ, ఎక్స్‌టెన్షన్ బాక్సు గానీ, ఛార్జింగు పెట్టిన ఫోను గానీ కోట లోపల పెట్టకూడదు. దిండు కింద ఫోను వేడెక్కుతుంది.

దోమల సంగతి నెల్లూరు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కానీ దోమల బత్తి లోపలికి వద్దు, కోట పక్కన కూడా వద్దు. నిప్పు, నూలు గుడ్డ, నిద్రపోతున్న పిల్లలు. ఈ మూడూ ఒక దగ్గర ఉండకూడదు. కొవ్వొత్తి, అగరుబత్తి కూడా అంతే. రాత్రంతా పడుకునేట్టయితే, ఒక చీర తీసేసి ఆ సగానికి పాత దోమతెర వేయండి. రెండు కొసల్నీ దోమతెరతోనే మూసి, అంచులు దిండ్ల కింద దోపితే దోమ రాదు, గాలి వస్తుంది. ఉక్క రాత్రుల్లో నేను మొత్తం కోటనే దోమతెరతో కట్టేస్తాను. బయటి నుంచి పిల్లలు కనబడుతుంటారు కాబట్టి నాకూ ధీమాగా ఉంటుంది.

వెలుతురుకి చిన్న ఛార్జింగ్ లైటు చాలు. దాన్ని చీరకి క్లిప్పుతో వేలాడదీయకుండా ఒక మూల నేల మీద, చీర వైపు తిప్పి పెట్టండి. మా అత్త చీర బచ్చలిపండు రంగు. వెలుతురు దాని మీద పడగానే కోట లోపలంతా ఆ రంగే.

లోపల

చాప, దాని మీద బొంత, దాని మీద ఒక దుప్పటి. బొంత కూడా మా అత్త పాత చీరలతో కుట్టిందే. పిల్లలు పడుకుని ఆ ముక్కలు చూపించి, "అవ్వా, ఈ ముక్క ఏ చీరదే?" అని అడుగుతుంటే ఆమె బయట కుర్చీలో కూర్చుని ఒక్కో చీర కథా చెప్తుంది. ఎప్పుడు కొన్నదో, ఎవరి పెళ్లికి కట్టిందో, కండలేరు నీళ్లలో ఏది తడిసిందో. టీవీ పెట్టినా ఇంతసేపు కదలకుండా వినరు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల కుర్చీకి కోట గుమ్మం పక్కనే చోటు వదలండి.

తినడానికి మరమరాలు, వేయించిన శనక్కాయలు లాంటి పొడివి ఇవ్వండి. మలై కాజా లోపలికి పోనివ్వొద్దు. పాకం ఒక్క బొట్టు బొంత మీద పడితే తెల్లారేసరికి చీమల బారు వచ్చేస్తుంది.

ఏడాది లోపు పసిబిడ్డని ఈ కోటలో పడుకోబెట్టకండి. మెత్తటి దిండ్లు, వదులు గుడ్డలు మూతి మీద పడితే వాళ్లు తోసుకోలేరు. మెలకువగా ఉన్నప్పుడు మీ ఒళ్లో కూర్చోబెట్టుకుని కాసేపు చూపించి తీసుకొచ్చేయండి. ఆ పైన వయసు పిల్లలైనా, నిద్రపోయాక ఒకసారి వెళ్లి మొహం మీద ఏమీ లేదని చూసుకోండి. నేను నవారు బిగువు కూడా అప్పుడే ఇంకోసారి నొక్కి చూస్తాను.

మీరూ ఒకసారి లోపలికి పోండి. ఉరుము ఉరిమినప్పుడు మా చిన్నోడు ఇప్పుడు మంచం కిందికి దూరడు. కోటలోకి వచ్చి, నా చెయ్యి తీసి వాడి చెవి మీద పెట్టుకుని, "ఇప్పుడు ఉరమమనమ్మా" అంటాడు.

విప్పేటప్పుడు

కట్టినవాళ్లే విప్పాలని మా ఇంట్లో నియమం. పై నుంచి కిందికి రావాలి. ముందు క్లిప్పులు, లెక్క సరిపోయిందో లేదో చూసుకోవాలి. తర్వాత చీరల్ని నవారు మీద నుంచి, పరుపు కింది నుంచి వదలాలి. ఆ తర్వాత దిండ్లు, చివరికి కుర్చీల మీది పుస్తకాలు. బరువులు ముందు తీస్తే కుర్చీలు పడతాయి, పెద్దవాళ్లు పక్కనుండి చూడండి. అప్పుడు చీరలు ఊడొస్తాయి. పిల్లలిద్దరూ చెరో కొస పట్టుకుని, ఎదురెదురుగా నడిచి మడతపెట్టడం నేర్చుకున్నారు. బొంతనీ చాపనీ ఎండ రాగానే ఆరేయండి. వాన చెమ్మకి బొంత ముక్కిన వాసన వస్తే రెండోసారి ఎవరూ పడుకోరు.

నవారుకి మంచం వైపున్న ముడి విప్పి, చుట్టగా చుట్టి, కిటికీ పై ఊచకి, చిన్నోళ్ల చేతికి అందని ఎత్తులో తగిలించండి. మళ్లీ అటక ఎక్కించొద్దు, సాయంత్రానికే అడుగుతారు.